సమాధానం అంటే జవాబు కూడా

శ్రీశైలం కొండ మీద ఇద్దరు స్త్రీల గుర్తులున్నాయి. ఒకటి ‘మల్లమ్మ కన్నీరు’ అని పిలిచే చోటు. హేమారెడ్డి ఇంటికి కోడలుగా వెళ్ళి, అత్తా తోటికోడళ్ళూ పెట్టిన బాధలన్నీ భరించి, చివరికి మల్లికార్జునుణ్ణి కళ్ళారా చూసిన మల్లమ్మ కార్చిన ఆనందబాష్పాలే అక్కడ ఊరే నీళ్ళని నమ్మకం. రెండోది కృష్ణమ్మ మీద పడవలో వెళ్ళి చూసే అక్కమహాదేవి గుహలు. పన్నెండో శతాబ్దంలో రాజునీ రాజభవనాన్నీ వదిలి, కట్టుబట్టనూ వదిలి, జుట్టునే వస్త్రంగా చేసుకుని నడిచొచ్చిన స్త్రీ జ్ఞాపకం అది. ఇద్దరూ కొలిచిన దేవుడు ఒక్కడే. ఒకామె ఇంట్లో నిలబడింది. ఒకామె ఇల్లు దాటింది. మల్లన్న ఇద్దరినీ తనవాళ్ళనే అన్నాడని రెండు కథలూ చెప్తాయి.

కష్టంలో ఉన్న ఆడమనిషికి మనవాళ్ళు ఈ రెండు కథల్లో ఏది చెప్తారు? ఎవరు చెప్తారు? ఏ సందర్భంలో చెప్తారు? ఈ వ్యాసంలో నేను వెతికింది ఈ మూడు ప్రశ్నలకి జవాబులే.

మతగ్రంథాల గురించి మాట్లాడేటప్పుడు స్త్రీవాద విమర్శలో రెండు అలవాట్లు స్థిరపడ్డాయి. గ్రంథం పితృస్వామ్యం చేతిలో ఆయుధం అని చెప్పి పక్కన పెట్టేయడం ఒకటి. గార్గి, మైత్రేయి అంటూ పేర్ల జాబితా చదివి మన సంప్రదాయంలో స్త్రీకి లోటేమీ లేదని సంతృప్తి పడటం రెండోది. మొదటిదానిలో నిజం చాలా ఉంది. రెండోదానిలో కొంత ఉంది. కానీ ఈ రెండింటి మధ్యా ఒక మనిషి కనపడకుండా పోతోంది. ఇంటా బయటా ఎదురుదెబ్బలు తింటున్నప్పుడు తనకు తెలిసిన ఒక భక్తురాలి మాటనో కథనో పట్టుకుని ఆ రోజు గడిపిన మామూలు స్త్రీ ఆమె. ఆమెకు దొరికిన ఓదార్పు భ్రమ అని కొట్టిపారేసే ముందు, అది ఎలాంటిదో, దేనితో తయారయిందో చూడాలి కదా.

బోరంచ నుంచి కల్యాణ వైపు

మా అవ్వ ఊరు బోరంచ. నారాయణఖేడ్ ప్రాంతం, మంజీరకు దగ్గర్లో. ఇవాళ సంగారెడ్డి జిల్లా, 2016 దాకా మెదక్ జిల్లా. అవ్వ పుట్టిననాటికి అది బీదర్ జిల్లా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నారాయణఖేడ్ తాలూకాను బీదర్ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కాగితం మీద గీత మారినంత తొందరగా నాలుక మారదు. ఆ ఊళ్ళలో తెలుగు కన్నడంతో, మరాఠీతో, ఉర్దూతో కలిసే వినపడుతుంది. పెళ్ళి సంబంధాలూ, జాతరలూ, బజారు బేరాలూ సరిహద్దుకు రెండువైపులా సాగుతాయి. బీదర్ దాటి ముందుకు వెళ్తే బసవకల్యాణ. శరణుల ఉద్యమం పుట్టిన చోటు.

బోరంచ అనగానే చుట్టుపక్కల వాళ్ళకి గుర్తొచ్చేది నల్లపోచమ్మ. ఆమెకు సంస్కృతంలో స్థలపురాణం అక్కర్లేదు. ఆమె దగ్గరికి పిల్లల జబ్బులూ, పశువుల జబ్బులూ, మొగుళ్ళ తాగుడూ అన్నీ నేరుగా వెళ్తాయి. మా అవ్వ లింగాయతు ఇంటి ఆడది. మెడలో ఇష్టలింగం. అయినా పోచమ్మకు బోనం పంపకుండా ఏ ఏడూ గడపలేదు. ఈ రెండింటి మధ్యా వైరుధ్యం ఉందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చదువు రాని అవ్వకు బసవన్న, అక్క, మల్లమ్మ అందరూ విన్న కథలే. గ్రంథం అనే మాటను నేను ఈ వ్యాసంలో ఇలా విన్నవాటిని కూడా కలుపుకునే వాడుతున్నాను. మన ఆడవాళ్ళలో ఎక్కువమందికి చాలాకాలం గ్రంథం చెవిలోంచే చేరింది.

లింగాయతు సిద్ధాంతం అయిదు సూతకాలను ఒప్పుకోదు. పుట్టుక, చావు, ముట్టు, ఎంగిలి, కులం – వీటివల్ల మైల అంటదని అంటుంది. ఆచరణలో ఎన్ని ఇళ్ళు దీన్ని పాటించాయన్నది వేరే సంగతి. చుట్టూ ఉన్న ఇళ్ళను చూసి మైలను మళ్ళీ లోపలికి తెచ్చుకున్న లింగాయతు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అవ్వనూ ఆ మూడు రోజులు పక్కన కూర్చోమన్నారట. “దేవుడు నా మెడలనే ఉన్నడు. నేను యాడికి పోయి దూరం కూసోవాలె?” అని అడిగిందట. ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాలేదు. ఎందుకంటే అది ఆ ఇంటివాళ్ళే నమ్మే మాట. గ్రంథం నుంచి దొరికే బలానికి ఇది మొదటి రూపం. ఎదుటివాళ్ళు కాదనలేని మాటను ఎదుటివాళ్ళ ఇంట్లోంచే తీసి వాళ్ళ ముందు పెట్టడం.

పనిలోంచి పుట్టిన మాట

కల్యాణలో కూడిన స్త్రీలను వచన సాహిత్యం పేరుపేరునా గుర్తుపెట్టుకుంది. ముప్ఫైమందికి పైగా వచనకర్త్రులున్నారు. ఒకే శతాబ్దంలో, ఒకే ఉద్యమంలో ఇంతమంది స్త్రీలు తమ సంతకంతో మాట్లాడటం మధ్యయుగ భారతదేశంలో అరుదు. వాళ్ళెవరో చూడండి. కదిరె రెమ్మవ్వ రాట్నం వడికేది. ఆయ్దక్కి లక్కమ్మ, ఆమె భర్త మారయ్య నేల మీద రాలిన బియ్యం ఏరుకుని బతికేవాళ్ళు. ఒకరోజు మారయ్య అవసరాన్ని మించి తెచ్చినప్పుడు, ఈ ఆశ మనకెందుకు, తిరిగిచ్చి రమ్మని లక్కమ్మే భర్తను మందలిస్తుంది. కాళవ్వ దళిత శరణుడు ఉరిలింగపెద్ది భార్య. సూళె సంకవ్వ పేరులోనే వేశ్యావృత్తి ఉంది. ఆమె తన దేవుడికి పెట్టుకున్న పేరు నిర్లజ్జేశ్వరుడు. సిగ్గులేనిదానా అని లోకం అన్న మాటను దేవుడి పేరుగా మార్చుకుంది. మనకు మిగిలింది ఆమె వచనం ఒక్కటే. కానీ ఆ పేరు ఒక్కటే చాలు, నింద ఎదురైనప్పుడు దాన్ని ఏం చేయొచ్చో చెప్పడానికి.

అక్కమహాదేవి వచనాలు 350కి పైగా దొరికాయి. ఒక వచనంలో ఆమె వేదాలనూ శాస్త్రాలనూ ఆగమాలనూ పురాణాలనూ దంపుడులో రాలే నూకతో, తవుడుతో పోలుస్తుంది. పోలిక కోసం ఆమె వెళ్ళింది రోలు దగ్గరికి. దంచడం అనాదిగా ఆడవాళ్ళ పని. వేదం చదివే హక్కు లేదన్న స్త్రీ, వేదం విలువను తాను రోజూ చేసే పనితో తూచింది. ఓదార్పు కోసం పాత గ్రంథం ముందు చేతులు కట్టుకుని కూర్చున్న గొంతు కాదిది. అవసరమైతే కొత్త గ్రంథాన్ని తన పనిలోంచి తయారు చేసుకున్న గొంతు.

తర్వాతి చరిత్ర మనకు తెలిసిందే. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ బ్రాహ్మణ శరణుడు మధువరసు కూతురికీ పెళ్ళి జరగడం, బిజ్జలుడు ఆ తండ్రులను క్రూరంగా చంపించడం, బిజ్జలుడి హత్య, శరణులు చెల్లాచెదురు కావడం. వచనాల కట్టలను కాపాడుకుంటూ ఉళవి వైపు వెళ్ళిన వాళ్ళలో బసవన్న అక్క నాగమ్మ ఉందని సంప్రదాయం చెప్తుంది. ఆ తాళపత్రాలు శతాబ్దాలపాటు మఠాల్లో, ఇళ్ళలో మూటలుగా ఉండిపోయాయి. ఫ.గు. హళకట్టి (1880–1964) బీజాపూర్‌లో కూర్చుని వాటిని సేకరించి, 1923లో ‘వచన శాస్త్ర సార’ మొదటి భాగం అచ్చు వేయించాకే అవి పుస్తకంగా మామూలు పాఠకుల చేతికి వచ్చాయి. అంటే ఇవాళ మనం అంత సులభంగా ఉదహరించే అక్కమహాదేవిని మా అవ్వ తల్లి తరం పుస్తకంలో చూసే అవకాశం దాదాపు లేదు. విన్నది మాత్రమే.

తెలుగులోకి ఎవరు వచ్చారు?

మనవైపు శరణుల కథలను తెచ్చింది ప్రధానంగా పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’. దేశి ఛందస్సులో, ద్విపదలో, సామాన్యులు పాడుకునేలా రాసిన గ్రంథం. అందులో స్త్రీలున్నారు. పాలు తాగని శివుడి ముందు నాన్న తిడతాడని ఏడ్చి తల బాదుకున్న చిన్నపిల్ల గొడగూచి ఉంది. తల్లి లేకపోబట్టే కదా విషం తాగాడు, తోలు కట్టాడు, బిచ్చమెత్తాడు అని జాలిపడి శివుడికి తల్లి అయిపోయిన బెజ్జమహాదేవి ఉంది. ఆ రెండు కథల్లోని లాలిత్యానికి లొంగని పాఠకురాలు ఉండదు. తల్లితనాన్ని దేవుడి మీద అధికారంగా మార్చిన బెజ్జమహాదేవి కథ ఎంతమంది పిల్లల్లేని స్త్రీలకు ఊరటనిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఒకటి గమనించాలి. ఇక్కడ మనకు ఎక్కువ దగ్గరైన స్త్రీలు కూతురు, తల్లి. తన శరీరం గురించీ, కోరిక గురించీ, విడిచిపోవడం గురించీ తానే మాట్లాడిన స్త్రీ అంత సులువుగా మన ఇళ్ళలోకి రాలేదు. అక్క కథ కన్నడంలోనే చెప్పే కొద్దీ మారింది. ఆమె కాలానికి దగ్గరవాడైన హరిహరుడు తన రగళెలో ఆమెకు కౌశికుడితో పెళ్ళి జరిగిందనీ, షరతులు పెట్టి చేసుకుందనీ, అతను వాటిని తప్పడంతో విడిచి వెళ్ళిందనీ చెప్పాడు. పదిహేనో శతాబ్దపు చామరసు ‘ప్రభులింగలీలె’లో పెళ్ళే జరగలేదు. తెలుగులోకి పిడుపర్తి సోమనాథుడు తెచ్చుకున్నది ఈ రెండో కావ్యాన్ని. పెళ్ళి చేసుకుని, మాట తప్పిన మొగుణ్ణి వదిలేసిన స్త్రీ కంటే, అసలు పెళ్ళే చేసుకోని కన్య పూజకు సౌకర్యంగా ఉంటుంది. అక్కడ పోయింది చిన్న వివరం కాదు. కాపురం నుంచి బయటికి రావాలనుకున్న స్త్రీకి అవసరమైన ఆధారం అది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. బసవపురాణం ఒక సమూహానికి ఓదార్పు అయినంత తీవ్రంగానే జైనుల పట్ల ద్వేషం కూడా. గ్రంథం నుంచి ధైర్యం తెచ్చుకున్న చేయి ఇంకొకరి మీదికి లేచిన సందర్భాలు చరిత్రలో తక్కువేమీ కాదు. స్త్రీలుగా మనం గ్రంథాన్ని దగ్గరికి తీసుకునేటప్పుడు ఇది మరిచిపోవడానికి వీల్లేదు.

రెండు కథలు, ఒక పంచాయితీ

1987లో మా చిన్నమ్మ అత్తింటి నుంచి బోరంచకు వచ్చేసింది. దెబ్బలతో వచ్చింది. రెండు నెలల తర్వాత ఇరువైపుల పెద్దమనుషులూ మా అవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. నాకు జ్ఞాపకం ఉండే వయసు కాదు. అమ్మ, చిన్నమ్మ వేర్వేరుగా చాలాసార్లు చెప్పిన సంగతి ఇది. ఇద్దరూ దాదాపు ఒకేలా చెప్పారు. ఒక పెద్దాయన హేమారెడ్డి మల్లమ్మ కథ ఎత్తుకున్నాడు. “ఎంత ఓర్సుకున్నది ఆ తల్లి? ఓర్సుకున్నందుకే గదా దేవుడు కండ్ల పడ్డడు” అన్నాడు. చిన్నమ్మ తల వంచుకుని వింటోంది. అవ్వ లోపలి నుంచి వచ్చి గడప దగ్గర నిలబడి అంది: “మల్లమ్మ కత నాకూ ఎర్కనే. ఆమెను సతాయించినోళ్ళు తప్పైందని కాళ్ళ మీద పడ్డదాంక చెప్పుండ్రి, నడుమల ఆపకుండ్రి. అక్క గూడ గా మల్లన్ననే నమ్మింది. రాజునే ఇడిసిపెట్టి పోయింది. మల్లన్న ఏమన్న వద్దన్నడా?”

పరిశోధన మొదలుపెట్టాక ఈ మాటలను నేను విమర్శ పాఠంలా చదువుకున్నాను. అందులో రెండు పనులున్నాయి. ఒకటి, సగంలో ఆపిన కథను చివరిదాకా చెప్పమనడం. ఓర్పు కథలో బాధపెట్టినవాళ్ళ పశ్చాత్తాపం కూడా భాగమే. దాన్ని కత్తిరిస్తే మిగిలేది బాధితురాలికి చేసే ఉపదేశం. రెండు, అదే దేవుడి మరో భక్తురాలిని సాక్షిగా నిలబెట్టడం. అవ్వ మల్లమ్మను తక్కువ చేయలేదు. ఒక్క మల్లమ్మే ఉన్నట్టు మాట్లాడొద్దంది.

మల్లమ్మను తక్కువ చేయడం నాకూ ఇష్టం లేదు. కర్ణాటకలోనూ మన సరిహద్దు జిల్లాల్లోనూ ఆమె కథ విని కన్నీళ్ళు పెట్టుకునే స్త్రీలు బానిస మనస్తత్వంతో ఏడుస్తున్నారని అనుకోవడం తొందరపాటు. అత్తింట్లో తిండి పెట్టకపోవడం, నిందలు వేయడం, గొడ్డుచాకిరీ చేయించడం – ఇవన్నీ నాలుగు గోడల మధ్య జరిగేవి, బయటికి చెప్పుకోకూడనివి. మల్లమ్మ కథ వాటిని పదిమందిలో, గుడిలో, గౌరవంగా చెప్తుంది. నా బాధ నా ఒక్కదాని తప్పు కాదు, ఒక మహాభక్తురాలికీ ఇదే జరిగింది అని తెలియడం నిజమైన ఓదార్పు. బాధకు పేరు దొరకడం చిన్న విషయం కాదని మన ఉద్యమాలే మనకు నేర్పాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఓదార్పును దారిగా మార్చి చూపినప్పుడు. నీలాగే ఆమె కూడా బాధపడింది అన్న మాట, ఆమెలాగే నువ్వూ పడి ఉండు అయినప్పుడు. మొదటిది స్త్రీలు స్త్రీలకు చెప్పుకున్నది. రెండోది అరుగు మీద పెద్దమనిషి చెప్పింది.

శాంతంగా ఉండమన్నది ఎవరు?

ఎదురుగాలిలో ఎలా ఉండాలో చెప్పే అక్క వచనం ఒకటి అందరికీ తెలుసు. కొండ మీద ఇల్లు కట్టుకుని మృగాలకు భయపడితే ఎలా, సముద్రం ఒడ్డున కట్టుకుని అలలకు జంకితే ఎలా, సంతలో కట్టుకుని గోలకు సిగ్గుపడితే ఎలా అని అడిగి, లోకంలో పుట్టాక పొగడ్తలూ తెగడ్తలూ వస్తే కోపం తెచ్చుకోకుండా ‘సమాధాని’గా ఉండాలని ముగుస్తుంది. కన్నడ ఇళ్ళలో గోడలకు వేలాడే వచనం ఇది. సర్దుకుపొమ్మని చెప్పడానికి ఇంతకంటే అనువైన పాఠం దొరకదు.

కానీ ఈ మాట అన్నది ఎవరు? ఎప్పుడు? రాజును వదిలి, ఊరు వదిలి, ఒంటరిగా కల్యాణ దాకా నడిచిన స్త్రీ. అనుభవ మంటపంలో అల్లమప్రభువు ఆమెను నిలదీశాడని పదిహేనో శతాబ్దం నుంచి సంకలనమవుతూ వచ్చిన ‘శూన్యసంపాదనె’ చెప్తుంది. బట్ట విడిచినదానివి జుట్టుతో ఎందుకు కప్పుకున్నావని అడిగారు. ఆమె ప్రతి ప్రశ్నకీ బదులిచ్చింది. అంటే ఆ శాంతం, చేయవలసిన పని చేసేశాక నిందలకు చలించకుండా ఉండే శాంతం. హింస దగ్గర ఆగిపోయి నోరు మూసుకునే శాంతం కాదు. వెళ్ళిపోయిన తర్వాత చెప్పిన మాటను వెళ్ళనివ్వకుండా ఆపడానికి వాడుతున్నారు.

మాట విషయం కూడా చూడండి. కన్నడ వచనంలోని సమాధానానికి మనసు కుదుటపడటం అని అర్థం. మన తెలుగులో ఆ అర్థం ఉంది, దానితోపాటు జవాబు అన్న అర్థమూ ఉంది. తెలుగు బైబిలు కూడా శాంతి అనే అర్థంలో సమాధానం అనే మాటనే వాడింది. మెదక్ చుట్టుపక్కల ఊళ్ళలో మాల, మాదిగ క్రైస్తవ స్త్రీలు ప్రార్థనలో అడిగేది ఆ సమాధానమే. 1924లో మెదక్ పెద్దచర్చి ప్రతిష్ఠ జరిగేనాటికే మిషన్ల వెంట ‘బైబిలు స్త్రీలు’ ఊరూరా తిరుగుతున్నారు. అక్షరం ముట్టుకోనివ్వని కులాల్లో పుట్టి, చేతిలో పుస్తకంతో వేరొకరి గుమ్మం ముందు నిలబడి చదివిన స్త్రీలు వాళ్ళు. వాళ్ళ విషయంలో ఓదార్పు ఆ వాక్యంలో ఎంత ఉందో, దాన్ని తానే చదవగలగడంలోనూ అంతే ఉందని నాకనిపిస్తుంది. మనసుకు కుదురు, ఎదుటివాడికి జవాబు – ఒకే మాటలో ఈ రెండూ ఉండటం తెలుగు స్త్రీకి కలిసొచ్చిన సంగతి. గ్రంథంలో మొదటిది దొరికితే చాలదు. రెండోది కూడా దొరకాలి.

ఆ రెండూ కలిసి కనిపించే జీవితం తరిగొండ వెంగమాంబది (1730–1817). చిన్నతనంలో పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. వేంకటేశ్వరుడే నా భర్త, నాకు వైధవ్యం లేదని చెప్పి శిరోముండనానికి ఒప్పుకోలేదు. పతిభక్తినే ధర్మంగా చెప్పేవాళ్ళకు పతిభక్తితోనే ఇచ్చిన జవాబు ఇది. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర ఉపదేశం పొందింది. ఊరివాళ్ళ వేధింపుల మధ్య తరిగొండ వదిలి తిరుమల చేరింది. అక్కడా అర్చకుల నుంచి ఇబ్బందులు తప్పలేదని ఆమె చరిత్ర చెప్తుంది. ఆమె మాత్రం రాస్తూనే పోయింది. ద్విపద భాగవతం, విష్ణుపారిజాతం, రాజయోగసారం, వేంకటాచల మాహాత్మ్యం. చదువుకోని తనచేత దేవుడే పలికించాడని చెప్పుకున్న ఆమె, ఏ కొండ మీద తనకు చోటు లేదన్నారో ఆ కొండకే తెలుగులో మాహాత్మ్యం రాసిపెట్టింది. ఇప్పటికీ రాత్రి ఏకాంతసేవలో తరిగొండవారి ముత్యాల హారతి ఇస్తారు. 2011 నుంచి తిరుమలలో అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరుంది. గౌరవం దక్కింది. అయితే ఆ పేరు కింద కూర్చుని భోజనం చేసే లక్షలమందిలో, గుండు చేయించుకోనన్న అమ్మాయి గురించి విన్నవాళ్ళు ఎంతమంది?

మరొకరి వాదనలో మనం

పందొమ్మిదో శతాబ్దం చివర తెలుగుదేశంలో స్త్రీల గురించి గ్రంథాలు పట్టుకుని పెద్ద యుద్ధమే జరిగింది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి బాటలో వీరేశలింగం పరాశరస్మృతిని ఆధారం చేసుకుని వితంతు వివాహం శాస్త్రసమ్మతమని వాదించాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. దాని విలువ తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ శ్లోకం చదివింది పురుషులు, ఖండించింది పురుషులు. సతి గురించి జరిగిన చర్చల్లో స్త్రీ వాదన చేసే మనిషిగా కాక వాదన జరిగే నేలగా మిగిలిందని లతామణి 1980లలో చేసిన విశ్లేషణ ఇక్కడికీ చాలావరకు వర్తిస్తుంది.

ఆ నేల లేచి మాట్లాడిన సందర్భం బండారు అచ్చమాంబ (1874–1905). బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావును దగ్గరుంచుకుని చదివిస్తూ తనూ చదువుకుంది. పుట్టిన పిల్లలను పోగొట్టుకుంది. స్త్రీలు అబలలనీ, బుద్ధిహీనులనీ, చదివిస్తే చెడిపోతారనీ అనే మాటలకు జవాబుగా ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదలుపెట్టింది. మొదటి భాగం 1901లో వచ్చింది. చరిత్రలోని స్త్రీలను ముందు తీసుకుని, వేద పురాణాల స్త్రీలను తర్వాతి భాగానికి ఉంచుకుంది. ఈ వరస నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. శ్లోకానికి శ్లోకంతో జవాబు చెప్పే పద్ధతిని ఆమె పక్కన పెట్టింది. శాస్త్రం ఏమన్నదో అని కాకుండా స్త్రీలు ఏం చేశారో అని అడిగింది. ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళకే చనిపోయింది. తలపెట్టిన పని పూర్తి కాలేదు.

అచ్చమాంబ చేసింది పుస్తకంలో. అవ్వ చేసింది గడప దగ్గర. ఒక స్త్రీకి ధైర్యం ఇవ్వడానికి ఇంకో స్త్రీ బతుకును సాక్ష్యంగా తేవడం – పద్ధతి ఒక్కటే.

మాట తర్వాత ఏం కావాలి

చిన్నమ్మ తిరిగి వెళ్ళలేదు. ఇది అక్కమహాదేవి వల్ల జరిగిందని నేను అనను. అక్క వచనం ఒకటి ఇల్లు వదిలిన స్త్రీకి లెక్కాచారం చెప్తుంది. ఆకలైతే ఊళ్ళో భిక్ష, దాహానికి చెరువులూ బావులూ, నిద్రకు పాడుబడ్డ గుళ్ళు, తోడుకు చెన్నమల్లికార్జునుడు. సన్యాసినికి సరిపోయే ఈ లెక్క చంకలో బిడ్డ ఉన్న స్త్రీకి సరిపోదు. చిన్నమ్మకు కావాల్సింది ఇల్లు, తిండి, పని. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆ చట్టం అంతకుముందే పెళ్ళయిన కూతుళ్ళను బయటే ఉంచింది. చిన్నమ్మ పెళ్ళి 1983లో అయింది. రెండేళ్ళ తేడాతో ఆమెకు చట్టం అందలేదు. 2005 కేంద్ర చట్ట సవరణ నాటికి పంచుకోవడానికి మిగిలిందేమీ లేదు. అవ్వ తన పేరు మీద ఉన్న ఎకరం ఆమెకు రాసిచ్చింది. ఆ తర్వాత అంగన్‌వాడీలో ఆయాగా పని దొరికింది. అవ్వ మాట పెద్దమనుషులను అరుగు మీద నుంచి లేపింది. ఎకరం చిన్నమ్మను నిలబెట్టింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కథ వేరేలా ఉండేది.

గ్రంథం గురించి నేను చెప్పగలిగింది ఇంతే. అది స్త్రీకి బలం ఇస్తుంది, తనకంటే ముందు ఒక స్త్రీ అక్కడ మాట్లాడి ఉన్నప్పుడు. ఆ స్త్రీ కథలో ఇబ్బందిగా అనిపించే భాగాలను – విడిచిపెట్టిన మొగుణ్ణి, ఒప్పుకోని గుండును, నింద పేరు పెట్టుకున్న దేవుణ్ణి – కత్తిరించకుండా ఉంచినప్పుడు. ఆ కథను ఎన్నుకునే హక్కు కష్టపడుతున్న మనిషి చేతిలోనో, ఆమె పక్షాన నిలబడ్డవాళ్ళ చేతిలోనో ఉన్నప్పుడు. ఈ మూడూ లేనప్పుడు అదే గ్రంథం, అదే దేవుడు, అదే కొండ ఓర్చుకోమనే చెప్తాయి.

మన పరిశోధనల్లో వచనాలకు పాఠభేదాలు చూస్తాం, కాలనిర్ణయం చేస్తాం. వాటితోపాటు మరో పని కూడా మొదలుపెట్టాలి. సరిహద్దు ఊళ్ళలో ఎవరు, ఎవరికి, ఏ గొడవ మధ్య, ఏ కథ చెప్పారో స్త్రీలను అడిగి రాసుకోవాలి. బోరంచలో పోచమ్మ గుడి దగ్గర కూర్చుంటే చాలు. పూనకంలో దేవత గొంతుతో మొగుణ్ణి నిలదీసిన ఆడవాళ్ళ గురించీ, ఆ మాటకు దండం పెట్టి తలవంచిన మగవాళ్ళ గురించీ చెప్పేవాళ్ళు దొరుకుతారు. పుస్తకం లేని దేవత కూడా సమాధానం ఇస్తూనే ఉంది. దాన్ని రాసుకోవడానికి కూర్చునేవాళ్ళు కావాలి.